భీమిలి నుంచి దివిసీమ దాకా, ఒక టేపు పట్టుకుని

అమ్మమ్మ వాళ్లింట్లో ఒక భోషాణం ఉండేది. పడమటింట్లో, గోడ వారగా. దాని మూత మీద పరుపు పరిస్తే పిల్లలం ముగ్గురం పడుకునేవాళ్లం. లోపల పట్టుచీరలు, దస్తావేజులు, ఏడాదికోసారి బయటికొచ్చే పెద్ద ఇత్తడి పళ్లాలు ఉండేవి. ఇల్లు అమ్మేసినప్పుడు అది ఏ గుమ్మంలోంచీ బయటికి రాలేదు. గదిలోనే గొడ్డలితో విడగొట్టి పాత కలప కింద తూకానికి ఇచ్చేశారు. దాని పొడవెంత, ఎత్తెంత, ఏం కర్ర, ఎన్ని ఇనప పట్టీలు అని ఇప్పుడు ఎవరినడిగినా చేతులు బార చాపి చూపిస్తారు గానీ అంకె చెప్పలేరు. ఒక్క ఫొటో కూడా లేదు. ఇన్నేళ్లయినా నాకు ఆ బాధ తగ్గలేదు.

అందుకే ఫిబ్రవరి మొదటి వారంలో, ఎండలు ముదరకముందే, తీరం వెంబడి మిగిలిన పాత ఇళ్లూ వాటి సామానూ చూసి రావాలని బయల్దేరాను. మా పిన్నిని కూడా రమ్మన్నాను. పిన్నికి డెబ్బై మూడేళ్లు, మోకాళ్ల నొప్పులు. "ఏడు రోజులు కార్లో తిరగ్గలవా?" అంటే, "నేను రాకపోతే నీకు పేర్లెవరు చెబుతారే?" అంది. కొలతలు నా పని, పేర్లు ఆమె పని అనుకున్నాం. సంచిలో ఒక టేపు, ఒక రూళ్ల నోటుబుక్కు పెట్టుకున్నాను.

మొదటి రోజు: భీమిలి

పొద్దున్నే విశాఖలో రైలు దిగి, కారు మాట్లాడుకుని, సముద్రాన్ని కుడిచేతి పక్కన పెట్టుకుని భీమిలి వెళ్లాం. ఊళ్లో డచ్చివాళ్ల సమాధులు చూశాం. 17వ శతాబ్దం నుంచి వాళ్లు ఇక్కడ వ్యాపారం చేశారు. కోసుగా లేచిన ఆ కట్టడాల మధ్య ఇప్పుడు మేకలు తిరుగుతున్నాయి. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. నేను వచ్చింది చుట్టిల్లు కోసం.

ఉత్తరాంధ్ర తీరంలో పుట్టినవాళ్లకు చుట్టిల్లు కొత్తేమీ కాదు. మట్టిగోడ గుండ్రంగా కట్టి, మీద తాటాకు కప్పు శంకువు ఆకారంలో దింపుతారు. దూరం నుంచి చూస్తే గడ్డివాము అనిపిస్తుంది. భీమిలికి ఎగువన ఒక జాలరి పేటలో స్లాబు ఇళ్ల మధ్య రెండే మిగిలాయి. ఒకదానికి తాళం. రెండోదాని ముందు ఒక ముసలమ్మ వల బాగుచేసుకుంటూ కూర్చుంది.

చూరు నా నడుము దాకా దిగి ఉంది. వంగితే తప్ప లోపలికి వెళ్లలేం. పిన్ని ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి గోడ మీద వేసి మెల్లగా దూరింది. బయట ఎండ చురుక్కుమంటోంది, లోపల మాత్రం కుండలో నీళ్లంత చల్లగా ఉంది. గుమ్మం దగ్గర టేపు పెట్టి చూస్తే గోడ మందం పందొమ్మిది అంగుళాలు.

"ఇంత కిందికి ఎందుకు దించారమ్మా చూరు?" అని అడిగాను.

"గాలి మూల కోసం ఎతుక్కుంటాది పాపా. మూల దొరకపోతే ఇంటిని సుట్టుకొని ఎల్లిపోద్ది" అంది.

ఇంజనీరు బొమ్మ గీసి చెప్పేది ఆవిడ ఒక్క మాటలో చెప్పేసింది. గుండ్రటి గోడను గాలి నేరుగా కొట్టలేదు, పక్కలకు జారిపోతుంది. చూరు అంత కిందికి ఉంటే దాని కింద దూరి కప్పును పైకి లేపలేదు. వాన జల్లు మట్టిగోడకు తగలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆవిడ ఇంటి మీద తాటాకు చాలా ఎగిరిపోయిందట గానీ గోడకు ఏమీ కాలేదట.

ఇక లోపలి సామాను. నేల మీద ఉన్నవి చాలా తక్కువ. గుండ్రటి గోడకు బీరువా ఆనదు, పెట్టె ఆనదు, మంచం కూడా సగమే ఆనుతుంది. అందుకని అన్నీ వేలాడతాయి, లేదా గోడలోకి వెళ్లిపోతాయి. దూలానికి మూడు ఉట్లు, ఒకదాని కింద ఒకటిగా కుండలు. బట్టలకు వెదురు దండెం. దీపానికి, దువ్వెనకు, పసుపు డబ్బాకు గోడలోనే గూళ్లు. గూళ్ల అంచులకు ఎప్పుడో సున్నంతో పెట్టిన చుక్కలు ఇంకా కనిపిస్తున్నాయి. నడిమి గది మీద తాటి దూలాలు పరిచి, మట్టి మెత్తి కట్టిన అటక ఉంది. విత్తనాలు, వలలు, పండగ గిన్నెలు దాని మీదే. పైన తాటాకు అంటుకున్నా ఆ మట్టి పొర వల్ల కింద ఇల్లు దక్కుతుందని ఆవిడ చెప్పింది.

ఇంత తెలివైన ఇల్లు ఎందుకు పోతోందో కూడా ఆవిడే చెప్పింది. తాటాకు మళ్లీ మళ్లీ మార్చాలి, నేసేవాళ్లు లేరు, ఆకు కొట్టేవాళ్లు లేరు. కొడుకులు పక్కనే స్లాబు వేసుకున్నారు. "ఆల ఇంట్లో మధ్యాన్నం ఉండలేన్నేను. ఇక్కడికే వొచ్చి తొంగుంటాను" అంది.

నోటుబుక్కులో మొదటి పేజీ నిండింది. రాత్రి విశాఖలోనే బస.

రెండో రోజు: విశాఖ

బీచ్ రోడ్డులో పాత డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియం చూశాం. ఆయుధాలు, పింగాణీ సామాను, జమీందారీ కుటుంబాల వస్తువులు ఉన్నాయి. పిన్నికి పింగాణీ గిన్నెల దగ్గర కాళ్లు ఆగిపోయాయి. నా మనసు మాత్రం ఈ ఊళ్లో పుట్టి ఊరు దాటిపోయిన సామాను మీద ఉంది.

18వ శతాబ్దంలో విశాఖపట్నం కుర్చీలకు, బల్లలకు, పెట్టెలకు పేరు మోసిన ఊరు. ఇక్కడి కంసాలులు టేకు, నల్లచేవ, ఇరుగుడు చేవ కర్రలో ఏనుగు దంతం పొదిగేవాళ్లు. దంతం మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవాళ్లు. దూరం నుంచి చూస్తే కాగితం మీద సిరాతో వేసిన పూలతీగలాగే ఉంటుంది. ఆ తర్వాత గంధపు చెక్క పెట్టెలకు పైనంతా దంతపు రేకు అతికించడం మొదలైంది. కుట్టుపెట్టెలు, అద్దాల పెట్టెలు, టీ ఆకు దాచుకునే డబ్బాలు, కాగితాల బల్లలు, అన్నీ ఇంగ్లీషువాళ్ల ఇళ్లకు కావలసిన రూపాల్లో. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ సామానును 1781లో అమ్మకానికి పెడితే, అందులోని దంతపు కుర్చీలను ఇంగ్లండు రాజు మూడో జార్జి తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అవి ఇప్పటికీ అక్కడి రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కూడా విశాఖ పెట్టెలు ఉన్నాయి.

ఫోన్లో వాటి ఫొటోలు పెద్దవి చేసి పిన్నికి చూపించాను. చాలాసేపు చూసి, "ఇవి చేసినవాళ్లింట్లో కుర్చీలుండేవా?" అంది.

ఆ ప్రశ్న నన్ను రోజంతా వదల్లేదు. ఆ రోజుల్లో వాళ్ల ఇళ్లలో కుర్చీ ఎక్కడిది? కుర్చీ అనే మాటే అరబ్బీ నుంచి వచ్చింది, అల్మారా పోర్చుగీసువాళ్లిచ్చింది. మన మాటలు పీట, బల్ల, మంచం. నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, కాలి వేళ్లతో చెక్కను నొక్కిపట్టి, తానెన్నడూ కూర్చోని వస్తువుకు చేతులు ఎంత ఎత్తులో ఉండాలో, వీపు ఎంత వాలాలో ఆ పనివాడు ఊహించుకుని చేశాడు. పేరు మాత్రం ఎక్కడా లేదు. మ్యూజియం చీటీ మీద ఉండేది ఊరి పేరే.

దంతం వ్యాపారాన్ని మన దేశంలో చట్టం పూర్తిగా ఆపేసింది, ఆపాల్సిందే కూడా. ఆ పని మళ్లీ రావాలని నేను కోరుకోను. ఆ చేతుల గురించి మన పిల్లల పుస్తకాల్లో ఒక్క పేరా అయినా ఉండాలి.

సాయంత్రం పాతనగరం సందుల్లో తిరిగాం. పాత చెక్క సామాను కొనే ఒక దుకాణంలో వరసగా ద్వారబంధాలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని మీద పసుపు పూత ఇంకా పోలేదు. ఏ ఊరివని అడిగితే దుకాణదారుకు తెలీదు. గడప మీద పసుపు ఉండగానే ఇల్లు విప్పేశారన్నమాట. పిన్ని అక్కడ నిలబడలేకపోయింది.

మూడో రోజు: ఏటికొప్పాక

వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు బొమ్మలకు ప్రసిద్ధి. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మేం వెళ్లింది ఒక్కదాని కోసమే: లక్కపిడతలు.

అంకుడు కర్ర మెత్తగా, తెల్లగా ఉంటుంది. దాన్ని తరిణె మీద తిప్పుతూ ఉలితో గిన్నె ఆకారం తెచ్చి, తిరుగుతుండగానే రంగు లక్క కర్రను ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. మా కళ్లముందే ఒకాయన ఐదు నిమిషాల్లో చిటికెన వేలంత బిందె చేసి పిన్ని చేతిలో పెట్టాడు. ఇంకా గోరువెచ్చగా ఉంది.

ఒక పెట్టె లక్కపిడతలు కొని కారులోనే విప్పాం. పిన్ని ఒక్కొక్కటీ ఒళ్లో పెట్టుకుని పేర్లు చెప్పింది, నేను రాసుకున్నాను. రోలు, రోకలి, తిరగలి, గుండిగ, గంగాళం, కవ్వం, సన్నికల్లు, పొత్రం, మరచెంబు. మా అమ్మాయి వంటింట్లో వీటిలో ఒక్కటీ లేదు. బొమ్మల పెట్టెలో మాత్రం అన్నీ ఉన్నాయి, సరైన ఆకారంతో, సరైన పొందికతో. తిరగలి పైరాయికి పిడి కూడా ఉంది, తిప్పితే తిరుగుతుంది.

చీకటిపడే వేళకు కాకినాడ చేరాం.

నాలుగో రోజు: ఉప్పాడ, కోరంగి

ఉప్పాడలో సముద్రం ఇళ్లను తినేస్తోంది. కాకినాడ నుంచి వెళ్లే తీరపు రోడ్డు కూడా ఎన్నిసార్లు కోతకు గురైందో లెక్కలేదు. ఒక చోట సగం ఇల్లు నిలబడి ఉంది. వంటింటి గోడ మనవైపు, మిగతాదంతా అలలవైపు. గోడకు నీలం రంగు, అందులో ఒక గూడు, గూట్లో మసి. ఫొటో తియ్యడానికి మనసొప్పలేదు గానీ తీశాను. అమ్మమ్మ భోషాణం విషయంలో చేసిన తప్పు మళ్లీ చెయ్యదలచుకోలేదు.

ఊళ్లో ఒక నేతగాళ్ల ఇంటికి వెళ్లాం. ఉప్పాడ జాందానీ చీర గురించి అందరికీ తెలుసు, రెండు వైపులా బుటా ఒకేలా కనిపిస్తుంది. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు కావలసింది ఆ చీర పుట్టే ఇల్లు ఎలా ఉంటుందో చూడ్డం. వీధిగదిలో సగం మగ్గం గుంటే. మిగతా ఇల్లంతా దాని చుట్టూ సర్దుకుని బతుకుతుంది. పిల్లల పక్కలు మగ్గం పక్కన. దేవుడి పటం మగ్గానికి ఎదురుగా, నేసేవాళ్ల కళ్లకు ఆనేట్టు. వంట వెనకాల, ఎందుకంటే పొగ దారానికి తగలకూడదు. వాళ్లింట్లో ఉన్న ఒకే ఒక కుర్చీ చీర కొనడానికి వచ్చేవాళ్లది. దాని మీద కూర్చోమంటే పిన్ని ఒప్పుకోలేదు, గుంట అంచున వాళ్ల అత్తగారి పక్కనే కూర్చుంది.

మధ్యాహ్నం కోరంగి మీదుగా వెళ్లాం. ఇప్పుడు అందరూ మడ అడవులు చూడ్డానికి వస్తారు. ఒకప్పుడు ఇది పెద్ద ఓడరేవు. ఇక్కడి నుంచి బర్మా వెళ్లిన మనవాళ్లను అక్కడ ఊరి పేరుతోనే 'కోరంగీలు' అని పిలిచేవాళ్లు. 1839 నవంబరు తుపానులో రేవు నాశనమైంది. జనం వెళ్లడం మాత్రం ఆగలేదు, తర్వాతి కాలంలో కాకినాడ నుంచి, విశాఖ నుంచి రంగం (రంగూన్) ఓడ ఎక్కారు. అటు కూలీలు వెళ్తే ఇటు టేకు వచ్చింది. రేపు చూడబోయే ఇంటి స్తంభాలు ఆ దారినే వచ్చాయి.

ఐదో రోజు: కోనసీమ

ఈ రోజు కోసమే వచ్చానని చెప్పాలి.

యానాం దగ్గర గోదావరి దాటి, కాలవగట్ల మీదుగా రాజోలు వైపు వెళ్లాం. ఊరి పేరు రాయొద్దని ఇంటివాళ్లు అడిగారు కాబట్టి రాయడం లేదు. వందేళ్లు దాటిన నాలుగిళ్ల మండువా లోగిలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక డెల్టాలో పంట నిలిచింది, పంటతోపాటు డబ్బూ నిలిచింది. కూనపెంకుల మండువాలు ఊరూరా లేచిన కాలం అది.

ఇంటి పెద్దాయన అరుగు మీదే ఎదురుచూస్తున్నారు. "రండి రండి, లోపలికి రండి. కాళ్లు కడుక్కోడానికి నీళ్లక్కడున్నాయండి" అన్నారు. ఆవిడ పిన్నిని చూడగానే "అక్కయ్యగారూ" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఐదు నిమిషాల్లో ఇద్దరికీ బంధుత్వం కూడా కలిసింది.

మండువా అంటే ఇంటి నడుమ ఆకాశం. నాలుగు వైపుల నుంచీ కప్పు లోపలికి వాలి ఉంటుంది. వానంతా ఆ నడిమి పల్లంలోకి దిగి, తూము గుండా పెరట్లోకి పోతుంది. సముద్రం దగ్గర ఊళ్లు కావడంతో బావినీళ్లు ఉప్పగా ఉండేవట. నాలుగు మూలల కింద గంగాళాలు పెట్టి వాన నీళ్లు పట్టి, ఆ నీళ్లతోనే పప్పు ఉడికించేవాళ్లమని ఆవిడ చెప్పింది. మండువా చుట్టూ పన్నెండు టేకు స్తంభాలు. ఒక్కోదాని కింద రాతి దిమ్మె, తేమా చెదలూ కర్రకు తగలకుండా. ఒక స్తంభాన్ని రెండు చేతులతో కావలించుకుంటే నా వేళ్లు కలవలేదు. చుట్టుకొలత ఆరడుగుల రెండంగుళాలు.

ఈ ఇంట్లో నేను ఎక్కువసేపు చూసింది చిలకకొయ్యను. గోడలోకి దిగ్గొట్టి బట్టలు తగిలించుకునే కొయ్య అని తెలుసు, కానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అరచేయంత టేకు చిలక. తోక గోడలోకి వెళ్లిపోయింది, ఒళ్లు బయటికి వచ్చి తల కొంచెం పైకెత్తి ఉంది. రెక్కల మీద ఈకలు గోటి మొనతో గీసినంత సన్నగా చెక్కారు. మెడ దగ్గర మాత్రం ఈకలు లేవు, గాజులాగా నున్నగా ఉంది. మొదట అలాగే చెక్కారనుకున్నాను. తర్వాత అర్థమైంది, వందేళ్లుగా పంచెలు, కండువాలు, చొక్కాలు తగిలించి తీసి తగిలించి తీసి ఈకలు అరిగిపోయాయి. ఇల్లంతా తిరిగి లెక్కపెడితే పద్నాలుగు చిలకలు. వంటింటి వైపు ఒక్కటీ లేదు. ఎందుకని పిన్నిని అడిగితే పైకి చూపించింది. చూరు దగ్గర ఎత్తులో ఒక దండెం. మడిబట్ట చిలకకొయ్యకు వెయ్యరు, అటూఇటూ వెళ్లేవాళ్ల చెయ్యి తగులుతుందని. కర్రతో దండెం మీద ఆరేసి, కర్రతోనే తీసేవాళ్లు.

నడవలో ఉయ్యాల బల్ల, ఇత్తడి గొలుసులు. గోడ పైన ముందుకు వాలిన పటాలు, వాటి మధ్య అంచులు నల్లబడిన బెల్జియం అద్దం. పడకటింట్లో పందిరి మంచం, పక్కనే ముక్కాలి పీట మీద రాగి చెంబు. అన్నీ అందంగానే ఉన్నాయి. వంటింటికి వచ్చేసరికి నాకు మాట రాలేదు. పెద్ద గదే గానీ కిటికీ ఒక్కటే, అదీ పుస్తకమంత. దూలాలు మసితో తారు పూసినట్టున్నాయి. "రోజుకి ముప్ఫై విస్తళ్లు లేచేవండి. పొద్దుటి పొయ్యి రాత్రి దాకా ఆరేది కాదు" అంది ఆవిడ. దాలిగుంటలో పిడకల సెగ మీద పాలు ఎర్రగా కాగేవని ఇప్పుడు అందరం మురిసిపోతూ చెప్పుకుంటాం. ఆ పాల పక్కన దగ్గుతూ కూర్చున్నవాళ్లెవరు? అరుగు, నడవ, ఉయ్యాల ఉన్న ముందిల్లు మగవాళ్లది, గాలి ఉన్నదీ అక్కడే. ఈ ఇంటిని ఎంత ప్రేమించినా ఆ విషయం రాయకుండా ఉండలేను.

1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, వెయ్యి మందికి పైగా పోయారు. ఆ రాత్రి చుట్టుపక్కల గుడిసెల వాళ్లంతా ఈ మండువాలోనే ఉన్నారట. "పెంకులు సగం పోయాయండి. స్తంభం మటుకు కదల్లేదు" అన్నారు పెద్దాయన, స్తంభం మీద చెయ్యి వేసి.

చివరికి పడమటింట్లోకి తీసుకెళ్లారు. అక్కడ ఉంది భోషాణం.

పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. నేను టేపు తీశాను. పొడవు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. వెడల్పు మూడడుగుల ఒకటి. ఎత్తు కాళ్లతో కలిపి మూడడుగుల నాలుగు. ఇనప పట్టీలు ఏడు. మూతలో అడ్డంగా ఒక చిన్న తలుపు. రోజువారీ పనికి అది తెరుస్తారు, పెద్ద మూత పండగలకే. నలుగురం కలిసి పెద్ద మూత ఎత్తాం. కర్పూరం వాసన, పాత పట్టు వాసన. పిన్ని మెల్లగా వచ్చి లోపలికి వంగి, కుడివైపు మూల అడుగున తడిమింది. అక్కడో చిన్న అర ఉంది, చెక్క పక్కకు జరిపితే తెరుచుకునేది. ఇంటివాళ్లకే తెలీదట.

"మా ఇంట్లోదానికీ ఇక్కడే ఉండేది" అంది పిన్ని. అర ఖాళీగా ఉంది. అయినా చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

ఆరో రోజు: నరసాపురం, పెడన

చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం వచ్చాం. ఇక్కడి అరుగుల మీద ఆడవాళ్ల చేతుల్లో సన్నటి సూది, నూలు ఉండ. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక వాళ్ల చేతుల్లో ఇప్పటికీ బతికే ఉంది. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకావిడ పొయ్యి మీద కూర పెట్టి వచ్చి ఒక పువ్వు అల్లి, మళ్లీ వెళ్లి కూర కలిపి వచ్చి ఇంకో పువ్వు అల్లింది. ఆ పువ్వులన్నీ కలిసి ఎక్కడో దూరదేశంలో భోజనాల బల్ల మీద గుడ్డ అవుతాయి. ఆవిడింట్లో బల్ల లేదు. విశాఖలో పిన్ని అడిగిన ప్రశ్నే మళ్లీ గుర్తొచ్చింది. ఇక్కడ ఇంకొకటి చెప్పాలి. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్లు కొన్న బట్టకు ఆ ఊరి పేరే 'మడపొల్లం' అని స్థిరపడి వాళ్ల నిఘంటువుల్లోకి ఎక్కింది.

మధ్యాహ్నానికి పెడన. కలంకారీ అద్దకం. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండేస్తారు. పాలలో కొవ్వు ఉండబట్టి రంగు పాకిపోదు. ఇనప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లతో నలుపు, పటికతో అద్దిన చోట ఎరుపు. ఆ ఎరుపుకు పూర్వం చిరువేరు వాడేవాళ్లు. బందరు రేవు నుంచి ఓడలెక్కిన ఇలాంటి బట్ట ఐరోపా ఇళ్లలో మంచాల మీద, మంచం చుట్టూ తెరలుగా, గోడల మీద కూడా ఎక్కింది. అక్కడి నేతగాళ్లు గోల పెడితే ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1701, 1721 చట్టాలతో అద్దకపు బట్టను నిషేధించాయి. రాజ్యాలు చట్టం చేసి ఆపాల్సి వచ్చిందంటే మన అద్దకం వాళ్ల పడకటిళ్లను ఎంతగా పట్టేసిందో చూడండి.

ఒక టేకు అచ్చు చేతికిచ్చారు. వెనకవైపు పిడి, దాని పక్కన మూడు చిన్న కన్నాలు. అద్దేటప్పుడు గాలి, ఎక్కువైన రంగు వాటిలోంచి పోతాయట. అచ్చుకూ కొలత రాసుకున్నాను.

ఏడో రోజు: బందరు, దివిసీమ

పొద్దున బందరు కోట దగ్గర కొంతసేపు నిలబడ్డాం. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ అడుగుపెట్టారు. ఇప్పుడు మొండిగోడలు, వాటి మీద రావి మొక్కలు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్ఫై వేల మంది పోయారని చెబుతారు. అంతకుముందు ఈ ఊళ్లో ఏ మంచాలుండేవి, ఏ పెట్టెలుండేవి అన్నది ఆ నీళ్లతోనే పోయింది.

అక్కడి నుంచి దివిసీమ. కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే మధ్యనున్న నేల. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి ఇక్కడ ఎవరినీ అడగక్కర్లేదు, వాళ్లే చెబుతారు. సర్కారు లెక్క ప్రకారమే పది వేల మంది. సముద్రానికి దగ్గర్లో ఒక ఊళ్లో పిన్ని ఈడే ఉన్న ఒకావిడ ఇంటికి వెళ్లాం. ఉప్పెన తర్వాత కట్టిన రెండు గదుల ఇల్లు. గోద్రెజ్ బీరువా, ప్లాస్టిక్ కుర్చీలు, టీవీ. పాత సామానేమైనా ఉందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. పిన్నే అడిగింది.

"డెబ్భై ఏడుకు ముందుది ఏవీ లేదమ్మా. పళ్లెం కూడా లేదు" అంది. కాసేపాగి, "రోలుంది" అంది.

పెరట్లోకి తీసుకెళ్లింది. జామచెట్టు కింద నేలలోకి పాతిన నల్లరాతి రోలు. నీళ్లు తీసిన మూడో రోజున తిరిగి వచ్చేసరికి ఊరంతా ఒక్కటే బురద మైదానం. వీధేదో, ఇల్లేదో తెలీలేదు. వాళ్లాయన ఒక చోట కాలికి రాయి తగిలి బురద తోడితే రోలు బయటపడింది. అంతకుముందెప్పుడో అత్తగారు అందులో పిండి రుబ్బుతుంటే పొత్రం తగిలి అంచు ఒక చోట విరిగింది. ఆ విరుపును బట్టి ఇది మనదే, అంటే ఇల్లు ఇక్కడే అని గుర్తుపట్టారు. కొత్త ఇంటికి ముగ్గు పోసింది రోలును చూసుకునే. వంటిల్లు దీనికి తూర్పున, గుమ్మం దీనికి దక్షిణాన, పాత ఇంట్లో ఎలా ఉండేవో అలాగే.

ఎండ చెట్టులోంచి రోలు మీద పడుతోంది. గుంత అడుగు అద్దంలా ఉంది, అంచున బొటనవేలంత విరుపు. పిన్ని మోకాళ్ల మాట మరిచి నేల మీద కూర్చుంది. నేను సంచిలో టేపు వెతుకుతుంటే ఆమె అప్పటికే జానతో కొలిచేసింది.

"టేపు పెట్టి చూడు, సరిపోతుందో లేదో" అంది.

పైన వెడల్పు పదిహేనంగుళాలు. గుంత లోతు ఏడున్నర. విరుపు ఒకటింపావు.

"విరుపు ఏ దిక్కునుందో కూడా రాయి" అంది ఇంటావిడ.

ఈశాన్యం. రాసుకున్నాను.